తిమ్మిరి పట్టిన వేలు తీగను మరింత గట్టిగా నొక్కుతుంది

వయొలిన్ సాధన మొదలుపెట్టిన 20 నిమిషాలకు ఎడమ చేతి చిటికెన వేలు మొద్దుబారుతుంది. చేయి విదిలిస్తే పోతుంది. మళ్లీ వాయిస్తే మళ్లీ వస్తుంది. గిటార్ వాయించేవాళ్లకైతే బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు తిమ్మిరెక్కుతాయి. చాలాసార్లు అర్ధరాత్రి నిద్రలోంచి లేపేది ఆ తిమ్మిరే. నొప్పి పెద్దగా ఉండదు కాబట్టి దీన్ని అలసట కింద జమకట్టేస్తారు. తీగ వాద్యం నేర్చుకునేటప్పుడు వేళ్లు మండటం, కాయలు కాయడం ఎలాగూ తప్పవు, ఇదీ అందులో భాగమే అనుకుంటారు. అసలు నష్టం మొదలయ్యేది ఈ పొరపాటు దగ్గరే.

నొప్పీ తిమ్మిరీ ఒకటి కావు. కండరం అలిసిపోతే లాగుతుంది, బరువెక్కుతుంది, ఒకటి రెండు రోజులు వదిలేస్తే సర్దుకుంటుంది. తిమ్మిరి నరానికి సంబంధించింది. వేళ్ల చివర్లలో చీమలు పాకుతున్నట్టు, సూదులు గుచ్చుతున్నట్టు ఉందంటే సాధారణంగా ఆ వేలికి వెళ్లే నరం దారిలో ఎక్కడో నలుగుతోందని, లేదా సాగుతోందని అర్థం. ఆ చోటు వేలి దగ్గరే ఉండాలని లేదు. మణికట్టు కావచ్చు, మోచేయి కావచ్చు, మెడ కూడా కావచ్చు.

వాయించేవాళ్ల విషయంలో ఇంకో చిక్కుంది. వేలు తీగను ఎంత బలంగా నొక్కుతోందో మెదడుకు చెప్పేది ముఖ్యంగా వేలికొసన ఉండే స్పర్శ. ఆ స్పర్శ మందగిస్తే మెదడు ముందు జాగ్రత్తగా బలం పెంచుతుంది. ఉన్ని గ్లౌజు వేసుకుని గాజు గ్లాసు పట్టుకున్నప్పుడు చేయి తనంతట తానే బిగుసుకున్నట్టే ఇదీ. బలం పెరిగితే ముంజేతి కండరాలు బిగుస్తాయి, నరం మీద ఒత్తిడి ఎక్కువవుతుంది, స్పర్శ ఇంకాస్త తగ్గుతుంది. వాయించేవాళ్లకు మాత్రం ‘వేలు సరిగ్గా పడటం లేదు, ఇంకా సాధన చేయాలి’ అనిపిస్తుంది. ఎంత పట్టుదల ఉన్న మనిషైతే అంత వేగంగా ఈ సుడిలో పడతారు.

మెడ నుంచి వేలి కొస దాకా

మెడ కింది భాగంలో వెన్నుపాము నుంచి బయటికొచ్చే 5 నరాల మూలాలు కలిసి చేతి నరాలన్నీ ఏర్పడతాయి. అవి మెడ పక్క కండరాల సందులోంచి, కాలర్ బోన్‌కూ మొదటి పక్కటెముకకూ మధ్య నుంచి చంకలోకి దిగుతాయి. అక్కడి నుంచి చేతి కొస దాకా వెళ్లే ముఖ్యమైన నరాలు మూడు. అరచేతి వైపు బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలిలో సగం మీడియన్ నరానివి. చిటికెన వేలు, ఉంగరపు వేలిలో మిగతా సగం అల్నార్ నరానివి. చేతి వెనక, బొటనవేలి వైపు చర్మం రేడియల్ నరానిది. ఉంగరపు వేలు రెండు నరాలకు సరిహద్దు అన్నమాట. దానికి ఏ పక్కన తిమ్మిరెక్కుతోందో పేషెంటు చెప్పగలిగితే డాక్టర్ పని సగం తేలికవుతుంది.

స్పర్శ మాత్రమే కాదు, అరచేతిలోని చిన్న కండరాల్లో ఎక్కువ వాటిని నడిపేది కూడా అల్నార్ నరమే. వేళ్లను ఎడంగా చాపడం, దగ్గరికి తేవడం, ఒక వేలిని మిగతావాటితో సంబంధం లేకుండా సన్నగా కదపడం వాటి పని. తీగల మీద ఎడమ చేయి చూపించే నేర్పులో వాటి వాటా చాలా పెద్దది. అందుకే అల్నార్ నరం సమస్యను వాయించేవాళ్లు మరీ తేలిగ్గా తీసుకోకూడదు.

నరం ఒత్తిడికి లోనైనప్పుడు మొదట దెబ్బతినేది దానికి రక్తం అందించే సన్నని నాళాలు. రక్తం తగ్గితే నరం సంకేతాలు పంపలేక తడబడుతుంది. ఒత్తిడి తీసేస్తే కాసేపట్లో కోలుకుంటుంది. చేయి విదిలిస్తే తిమ్మిరి పోవడం ఈ దశ. నెలల తరబడి ఇదే జరుగుతూ పోతే నరం లోపల వాపు వస్తుంది, నరపు పోగుల పైన ఉండే కొవ్వు తొడుగు పలచబడుతుంది. అప్పుడు తిమ్మిరి విదిలిస్తే పోదు. ఇంకా సాగితే లోపలి పోగే దెబ్బతింటుంది. నరాల గాయాలను ఇలా తీవ్రతను బట్టి మూడు తరగతులుగా విడదీసింది బ్రిటిష్ సర్జన్ హెర్బర్ట్ సెడన్, 1943లో. ఆ విభజన ఇప్పటికీ వాడుకలో ఉంది. మొదటి తరగతిలో కోలుకోవడం రోజులు, వారాల వ్యవహారం. పోగు తెగిపోయాక అది మళ్లీ పెరిగే వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు. మోచేయి నుంచి అరచేతి కండరాలకు దూరం 30 సెంటీమీటర్లు అనుకుంటే ఆ ప్రయాణానికే పది నెలలు పడుతుంది. అన్నాళ్లు నరం అందని కండరం సన్నబడిపోతూ ఉంటుంది. బాగా ఆలస్యమైతే నరం చేరినా కండరం పూర్తిగా పుంజుకోదు. తిమ్మిరి దశలోనే పట్టుకోవాలని ఇంతగా చెప్పేది ఈ లెక్క వల్లే.

వయొలిన్: మోచేయి, మెడ

మోచేయి లోపలి వైపు ఎముక గట్టిగా తగిలితే చిటికెన వేలి దాకా షాక్ కొట్టినట్టు ఉంటుంది. అక్కడ తగిలింది అల్నార్ నరానికే. ఆ చోట అది చర్మానికి చాలా దగ్గరగా, ఎముక వెనక సన్నని సందులో ఉంటుంది. మోచేయి వంచిన కొద్దీ సందు ఇరుకవుతుంది, నరం సాగుతుంది. వయొలిన్ వాయించేవాళ్ల ఎడమ మోచేయి వాయిస్తున్నంతసేపూ బాగా వంగే ఉంటుంది. పైగా అరచేయి తన వైపు తిరిగేలా ముంజేయి పూర్తిగా మెలి తిరిగి ఉంటుంది. లావు తీగ మీద చిటికెన వేలు పడాలంటే మోచేయి పొట్ట వైపు ఇంకా లోపలికి రావాలి. వయొలిన్‌ను పోలిన వియోలా ఇంకాస్త పెద్దది కాబట్టి చేయి ఇంకా చాచాలి, వేళ్లు ఇంకా ఎడంగా పెట్టాలి.

ఇది సాధనతోనే ఆగితే నరం చాలావరకు తట్టుకుంటుంది. కానీ అదే మోచేయి ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు వంగుతుంది, కంప్యూటర్ ముందు బల్ల అంచు మీద ఆనుతుంది, రాత్రి చేయి తల కింద పెట్టుకుని పడుకుంటే గంటల తరబడి ముడుచుకునే ఉంటుంది. నరానికి ఇవన్నీ ఒకే ఖాతా. సాధన తగ్గించినా తిమ్మిరి పోవడం లేదని బాధపడేవాళ్లు ముందు గమనించాల్సింది పడుకునే తీరును.

బలహీనత మొదలైతే వాయిద్యం మీద అది ముందే తెలుస్తుంది. చిటికెన వేలు పడాల్సిన స్వరం కాస్త తగ్గి పలుకుతుంది, వేగంగా వాయించేటప్పుడు ఆ వేలు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది, తీగ మీద లేనప్పుడు మిగతా వేళ్లకు దూరంగా జరిగిపోతుంది. బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య కాగితం పెట్టి ఎదుటివాళ్లు లాగినప్పుడు, బొటనవేలి కణుపు వంచితే తప్ప పట్టు నిలవకపోవడం ఇంకో గుర్తు. చాలామంది గురువులు దీన్ని శ్రద్ధ లోపంగా చూసి ఆ వేలికి అదనపు పాఠాలు ఇస్తారు. వారాల కొద్దీ సాధన చేసినా ఒకే వేలు వెనకబడుతూ, దానికి తిమ్మిరి కూడా తోడైతే, కావలసింది అదనపు పాఠం కాదు, నరం పరీక్ష.

మెడ సంగతి వేరు. వయొలిన్‌ను గడ్డం, భుజం మధ్య నిలపడానికి తల ఎడమవైపు తిరిగి వంగుతుంది, ఎడమ భుజం పైకి లేస్తుంది. జర్మన్ వయొలిన్ విద్వాంసుడు లూయీ స్పోర్ సుమారు 1820లో చిన్ రెస్ట్ (గడ్డం ఆనించే చెక్క) కనిపెట్టాక ఎడమ చేయి వాద్యం మెడపట్టె మీద స్వేచ్ఛగా జరిగే వీలు కలిగింది. అయితే ఒకే ఎత్తు చిన్ రెస్ట్ పొడుగు మెడకూ పొట్టి మెడకూ సరిపోదు. మెడ పొడుగ్గా ఉన్నవాళ్లకు ఎత్తు చాలకపోతే ఆ ఖాళీని భుజం లేపి పూడుస్తారు. గంటల తరబడి అలా ఉంటే మెడ పక్క కండరాలు బిగుసుకుని, వాటి సందులోంచి వచ్చే నరాల కట్టను ఒత్తవచ్చు. అక్కడ ఒత్తిడి పడినా తిమ్మిరి సాధారణంగా వచ్చేది చిటికెన వేలు, ఉంగరపు వేళ్లకే. మరి మోచేయా, మెడా అని తెలిసేదెలా? ముంజేయి లోపలి చర్మాన్ని అడగాలి. ఆ చర్మానికి వెళ్లే నరం అల్నార్ కొమ్మ కాదు, ఇంకా పైన, చంక దగ్గరే విడిపోతుంది. ముంజేయి లోపలి పక్క కూడా మొద్దుగా ఉంటే సమస్య మోచేయి కంటే పైన ఉందని అనుమానించాలి. చేయి పైకెత్తినప్పుడు, బరువు బ్యాగు భుజాన వేసుకున్నప్పుడు ఎక్కువైతే ఆ అనుమానం బలపడుతుంది.

వేరే చిన్న సమస్య ఒకటి తరచూ అనవసరంగా భయపెడుతుంది. ఎడమ చూపుడు వేలి మొదట్లో, వయొలిన్ మెడపట్టె ఆనే చోట, వేలి పక్కన మాత్రమే తిమ్మిరి ఉంటే అది ఆ వేలి సొంత నరం మీద పడ్డ ఒత్తిడి. పట్టు వదులు చేస్తే చాలావరకు తగ్గిపోతుంది.

గిటార్: మణికట్టు

మణికట్టులో అరచేతి వైపు ఒక ఇరుకు సొరంగం ఉంది. మూడు పక్కలా ఎముకలు, పైన దళసరి పట్టీ. వేళ్లను ముడిచే 9 టెండన్లు (కండరాన్ని ఎముకకు కలిపే తాళ్లు), మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. మణికట్టు తిన్నగా ఉన్నప్పుడు ఆరోగ్యవంతుల్లో ఆ సొరంగం లోపలి ఒత్తిడి చాలా తక్కువ, బీపీ కొలిచే లెక్కలో సుమారు 2.5 మిల్లీమీటర్ల పాదరసం. పూర్తిగా వంచితే అది 30 దాకా వెళుతుంది. నరం చుట్టూ ఉన్న సన్ననాళాల్లో రక్తం నెమ్మదించడానికి 20 నుంచి 30 చాలు. అప్పటికే కార్పల్ టన్నెల్ సమస్య (ఈ సొరంగంలో నరం నలగడం) ఉన్నవాళ్లలో వంచకుండానే ఒత్తిడి ఆ స్థాయిలో ఉంటుంది, వంచితే ఇంకా ఎంతో పైకి పోతుంది.

ఇప్పుడు గిటార్ పట్టుకున్న ఎడమ చేతిని చూడాలి. వాద్యం నడుం కంటే కిందికి వేలాడుతుంటే, వేళ్లు అన్ని తీగల మీదా నిలువుగా పడటానికి మణికట్టు బాగా వంగాల్సి వస్తుంది. అదే సమయంలో వేళ్లు బలంగా ముడుచుకుంటాయి, బొటనవేలు వెనక నుంచి బిగిస్తుంది. వంపు, బిగింపు రెండూ కలిసినప్పుడే సొరంగంలో ఒత్తిడి ఎక్కువ. చూపుడు వేలిని పట్టీలా పరిచి తీగలన్నీ ఒకేసారి నొక్కే బారె కార్డ్ దీనికి సరైన ఉదాహరణ.

ఇందులో వాద్యం తప్పెంతో కూడా చూడాలి. స్టీలు తీగల గిటార్ మీద 6 తీగల మొత్తం బిగువు మామూలు సైజు తీగలతోనే 70 కిలోలు దాటుతుంది. వేలు మోయాల్సిన బరువు అంతా కాదు కానీ, తీగ ఫ్రెట్‌కు (మెడపట్టె మీది అడ్డు కడ్డీకి) ఎంత ఎత్తున ఉందన్నదాన్ని బట్టి నొక్కాల్సిన బలం బాగా మారుతుంది. మొదటి ఫ్రెట్ దగ్గర నట్ (మెడపట్టె చివర తీగలు ఆనే దిమ్మ) గాడి లోతు చాలకపోతే అక్కడ బారె కార్డ్ పట్టడం అనుభవం ఉన్నవాళ్లకూ కష్టమే. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఆ కష్టాన్ని తమ చేతగానితనం అనుకుంటారు, చేయి బలం పెంచే స్ప్రింగులు కొని నొక్కుతూ కూర్చుంటారు. తిమ్మిరి ఉన్న చేతికి అవి మేలు కంటే కీడే ఎక్కువ చేస్తాయి. ముందు చేయించాల్సింది వాద్యం సెటప్: తీగల ఎత్తు తగ్గించడం, అవసరమైతే సన్న తీగలు వేయించడం, భుజం పట్టీ బిగించి గిటార్‌ను పైకి తేవడం. తీగను పక్కకు లాగి స్వరం వంచే చోట, వీణలోనైనా సితార్‌లోనైనా, వేలి మీద భారం ఇంకా ఎక్కువ. అక్కడా ఇదే ఆలోచన వర్తిస్తుంది.

కుడి చేతిని ఎవరూ పట్టించుకోరు. గిటార్ పెట్టె అంచు మీద ముంజేయి గంటల తరబడి ఆనితే అక్కడి చర్మపు నరాలు నలుగుతాయి. చెల్లో, డబుల్ బేస్ వాయించేవాళ్లు కమానును బొటనవేలితో బిగించి పట్టుకుంటే ఆ వేలి పక్క నరం మొద్దుబారవచ్చు.

తిమ్మిరి కానివి, వాద్యానికి సంబంధం లేనివి

కాయలు కాసిన చర్మం మొద్దుగా ఉండటం సహజం. అది తీగ తగిలే చోట మాత్రమే ఉంటుంది, పాకదు, సూదులు గుచ్చదు, రాత్రి నిద్ర లేపదు. ఇక వేళ్లు తిమ్మిరి లేకుండా, నొప్పి లేకుండా, వాద్యం మీద మాత్రమే మాట వినకుండా ముడుచుకుపోతుంటే అది ఫోకల్ డిస్టోనియా కావచ్చు. మెదడు ఆ కదలికను నియంత్రించడంలో వచ్చే తేడా అది. వృత్తి సంగీతకారుల్లో సుమారు 1 శాతం మందికి ఉంటుందని అంచనా. అమెరికన్ పియానిస్టు లియోన్ ఫ్లైషర్ దీనివల్ల 1960ల మధ్య నుంచి దశాబ్దాల పాటు కుడి చేతితో వాయించలేకపోయారు, బోటాక్స్ ఇంజెక్షన్ల వంటి చికిత్సల తర్వాత 1990లలో మళ్లీ రెండు చేతులతో కచేరీలు చేశారు. చికిత్స పూర్తిగా వేరు కాబట్టి ఈ తేడా తెలియడం అవసరం.

తిమ్మిరి రెండు చేతుల్లోనూ ఉండి, పాదాల్లో కూడా ఉంటే వాద్యాన్ని నిందించే ముందు రక్త పరీక్షలు చేయించాలి. షుగర్, థైరాయిడ్ తక్కువ కావడం, విటమిన్ బీ12 లోపం తరచుగా కనిపించే కారణాలు. గర్భిణుల్లో ఒంటికి నీరు చేరి కార్పల్ టన్నెల్ సమస్య రావడం మామూలే, కాన్పు తర్వాత ఎక్కువ మందిలో తగ్గుతుంది. ఉన్నట్టుండి ఒక పక్క చేయి మొద్దుబారి, మూతి వంకర పోయినా, మాట తడబడినా అది పక్షవాతం లక్షణం. ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

పరీక్షలు, వాటి హద్దులు

డాక్టర్ గదిలో చేసే పరీక్షలు చిన్నవే. మణికట్టు వంచి ఒక నిమిషం ఉంచితే తిమ్మిరి వస్తుందా అని చూస్తారు. నరం దారి వెంట వేలితో తట్టి, షాక్ కొట్టినట్టు ఎక్కడ ఉందో చూస్తారు. ఫ్రెంచ్ వైద్యుడు టినెల్ 1915లో వివరించిన పద్ధతి ఇది. ఆ తర్వాత నర్వ్ కండక్షన్ స్టడీ (నరంలో సంకేతం వేగాన్ని కొలిచేది), ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాలను చూసేది). ఇక్కడ ఒక మాట తెలుసుకుని వెళ్లాలి: తొలిదశలో, ముఖ్యంగా వాయించేటప్పుడు మాత్రమే తిమ్మిరి వచ్చేవాళ్లలో, ఈ రిపోర్టులు నార్మల్ అని రావచ్చు. చేయి బల్ల మీద విశ్రాంతిగా పెట్టి చేసే పరీక్ష అది. సమస్య వచ్చేది వాద్యం పట్టుకున్నప్పుడు. రిపోర్టు నార్మల్ కాబట్టి ఏమీ లేదనుకోవడం తొందరపాటు. వాద్యాన్ని వెంట తీసుకెళ్లి, డాక్టర్ ముందు 10 నిమిషాలు వాయించి చూపిస్తే, చాలా రిపోర్టుల కంటే ఎక్కువ తెలుస్తుంది. వీలుకాకపోతే పక్క నుంచి, వెనక నుంచి తీసిన వీడియో అయినా చూపించాలి.

చెప్పుకోకపోవడం ఇంకో పెద్ద సమస్య. అమెరికాలో 48 ఆర్కెస్ట్రాల సంగీతకారులను 1986లో ప్రశ్నించినప్పుడు, జవాబిచ్చిన 2,212 మందిలో 76 శాతం మంది తాము వాయించడాన్ని దెబ్బతీసేంత ఆరోగ్య సమస్య కనీసం ఒకటి ఉందన్నారు. అది నరాల గురించి మాత్రమే అడిగిన సర్వే కాదు. కానీ వేదిక మీద చక్కగా కనిపించే చేతుల వెనక ఎంత దాగి ఉందో దాంతో తెలిసింది. అవకాశాలు పోతాయన్న టెన్షన్‌తో దాచడం, నెలలు గడిచాక చేయి సన్నబడ్డాక డాక్టర్ దగ్గరికి రావడం ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాయి.

ఏం మార్చాలి

ముందుగా అడగాల్సిన ప్రశ్న: తిమ్మిరి మొదలవడానికి ముందు నెలలో ఏం మారింది? కచేరీ దగ్గరపడి సాధన గంట నుంచి నాలుగు గంటలకు పెరిగిందా, వాద్యం మారిందా, తీగలు మారాయా, కుర్చీ మారిందా? జవాబు చాలాసార్లు ఇక్కడే దొరుకుతుంది. సాధన పూర్తిగా ఆపేయడం కంటే ముక్కలు చేయడం మేలు. 20, 25 నిమిషాలు వాయించి, చేయి కిందికి వదిలి 5 నిమిషాలు ఆగాలి. తిమ్మిరి మొదలైన క్షణమే ఆపాలి, పాట పూర్తయ్యాక కాదు. వేళ్ల పని లేకుండా స్వరాలు మనసులో నడిపించడం కూడా సాధనే.

రాత్రి సంగతి తేలిగ్గా తీసుకోకూడదు. కార్పల్ టన్నెల్ అయితే మణికట్టు తిన్నగా ఉంచే స్ప్లింట్ వేసుకుని పడుకోవాలి. అల్నార్ నరమైతే మోచేయి చుట్టూ తువ్వాలు వదులుగా చుట్టుకుంటే చాలు, పూర్తిగా ముడుచుకోదు. కొన్ని వారాల పాటు క్రమం తప్పకుండా చేస్తే తొలిదశలో చాలామందికి ఉపశమనం ఉంటుంది. నరాన్ని మెల్లగా జరిపే వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు చూపిస్తే చేయవచ్చు. తిమ్మిరెక్కే దాకా లాగి పట్టుకోవడం మాత్రం వద్దు. సాగదీస్తే కండరం వదులవుతుంది, నరం కాదు.

ఇవేవీ పని చేయనప్పుడు మణికట్టులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, ఆ తర్వాత సర్జరీ. తిమ్మిరి ఎప్పుడూ ఉండిపోవడం, పట్టు తగ్గడం, బొటనవేలి మొదట్లోనో బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్యనో కండ తగ్గి గుంట పడటం కనిపిస్తే సర్జరీ మాట వాయిదా వేయకూడదు. మణికట్టు సొరంగం పై పట్టీని కోసి వదులు చేసే ఆపరేషన్ తర్వాత రాత్రి తిమ్మిరి చాలామందిలో త్వరగానే పోతుంది. పట్టు బలం మునుపటి స్థాయికి రావడానికి మాత్రం నెలలు పడుతుంది.

మళ్లీ వాద్యం ముట్టుకునే రోజున మొదలుపెట్టాల్సింది పాత పాటతో కాదు. ఒక తీగ మీద ఒక వేలిని బలం పెట్టకుండా ఊరికే ఆనించి మీటాలి. స్వరం రాదు, ఠప్ మంటుంది. కొంచెం బలం పెంచితే జీరగా పలుకుతుంది. ఇంకాస్త పెంచితే స్వరం శుభ్రంగా వస్తుంది. అక్కడ ఆగాలి. ఆ వేలికి ఆ తీగ మీద కావలసిన బలం అంతే. అన్ని వేళ్లతో, అన్ని తీగల మీదా రోజూ 5 నిమిషాలు ఇది చేస్తుంటే, తిమ్మిరి పట్టిన రోజుల్లో వేళ్లు అవసరానికి మించి ఎంత నొక్కేవో తెలిసి వస్తుంది.